లైనక్స్‌లో ఆడియో సీడీ పాడటం లేదా? వరసగా ఇలా చూసుకోండి

"సీడీ పెట్టాను. గిర్రున తిరిగింది, ఆగింది. పాట మాత్రం రాలేదు. లైనక్స్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయమంటారా?"

నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. విండోస్ నుంచి ఉబుంటుకో మింట్‌కో మారినవాళ్లు అడుగుతారు. బీరువా సర్దుతుంటే నాన్నగారి పాత పాటల సీడీలు బయటపడ్డాయని ఇంకొందరు అడుగుతారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకేచోట రాస్తున్నాను. దీనికోసం లైనక్స్ తీసేసి మళ్లీ వేసుకోవడమంటే ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే. ఆ పని చేయకండి.

ముందు ఒక్క మాట బుర్రలో పెట్టుకోండి: ఆడియో సీడీలో ఫైళ్లు ఉండవు. అది పెన్‌డ్రైవ్ లాంటిది కాదు, గ్రామ్‌ఫోన్ రికార్డు లాంటిది. ఇక్కడ దొర్లే తప్పుల్లో సగం దాన్ని పెన్‌డ్రైవ్ అనుకోవడం వల్లే వస్తాయి.

కమాండ్లను పలికే తీరులోనే తెలుగులో రాశాను. మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. పెద్ద అక్షరం కావాల్సిన చోట చెబుతాను.

కావాల్సినవి

- సీడీ లేదా డీవీడీ డ్రైవ్. లోపలిదైనా సరే, యూఎస్‌బీతో తగిలించేదైనా సరే.
- బాగా పాడుతుందని మీకు ముందే తెలిసిన ఇంకో ఆడియో సీడీ. ఇంట్లో బర్న్ చేసింది వద్దు, కంపెనీది కావాలి. చాలామంది దీన్ని పట్టించుకోరు. ఇది చేతిలో లేకపోతే తప్పు సీడీదో డ్రైవ్‌దో తేల్చలేరు.
- వీఎల్‌సీ ప్లేయర్, సీడీపారనోయా అనే చిన్న ప్రోగ్రామ్. ఉబుంటు, మింట్, డెబియన్ వాడేవాళ్లు టెర్మినల్లో, అంటే కమాండ్లు టైప్ చేసే విండోలో, "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ వీఎల్‌సీ సీడీపారనోయా" అని కొడితే రెండూ వస్తాయి. సుడో అంటే అడ్మిన్ అధికారంతో నడపమని, స్పెల్లింగ్: ఎస్-యూ-డీ-ఓ. ఆప్ట్ స్పెల్లింగ్: ఏ-పీ-టీ. సీడీపారనోయా స్పెల్లింగ్: సీ-డీ-పీ-ఏ-ఆర్-ఏ-ఎన్-ఓ-ఐ-ఏ.
- కళ్లద్దాలు తుడుచుకునే మెత్తటి గుడ్డ.

1. అది నిజంగా ఆడియో సీడీయేనా?

నవ్వకండి. మన ఇళ్లలో మూడు రకాల సీడీలు కలగలిసి ఉంటాయి, మూడూ చూడటానికి ఒకేలా ఉంటాయి.

మామూలు ఆడియో సీడీలో 74 నిమిషాలు, మహా అయితే 80 నిమిషాల పాటలు పడతాయి. సినిమా పాటలైతే పన్నెండో పదిహేనో. కవరు మీద "150 పాటలు" అని ఉంటే అది ఆడియో సీడీ కాదు, ఎంపీ3 సీడీ. దానిలో ఫైళ్లే ఉంటాయి కాబట్టి ఫైల్ మేనేజర్‌లో పెన్‌డ్రైవ్‌లాగే తెరుచుకుంటుంది. పాట మీద రెండుసార్లు నొక్కితే చాలు, కింద చెప్పేవేవీ దానికి అక్కర్లేదు.

మూడోది వీసీడీ. ఒకే సినిమా రెండు మూడు సీడీలుగా ఉందంటే అదే. దానికి వీఎల్‌సీలో వేరే ఆప్షన్ ఉంది, ఆరో మెట్టులో చెబుతాను.

అడుగుభాగం కూడా తిప్పి చూడండి. వెండిలా మెరిస్తే కంపెనీలో అచ్చు వేసింది. పచ్చగానో నీలంగానో బంగారు రంగులోనో ఉంటే ఎవరో బర్న్ చేసింది. బర్న్ చేసినవాటిలోని రంగుపూత ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది. అవి పాడకపోతే డ్రైవ్‌నో లైనక్స్‌నో వెంటనే తిట్టుకోకండి.

2. మౌంట్ చేసే ప్రయత్నం మానండి

లైనక్స్ కొంచెం తెలిసినవాళ్లు చేసే తప్పు ఇది. కొత్తవాళ్లు చేయరు. పెన్‌డ్రైవ్‌ను మౌంట్ చేసినట్టు, అంటే లోపలి ఫైళ్లు ఒక ఫోల్డర్‌లా తెరుచుకునేలా తగిలించినట్టు, సీడీని కూడా మౌంట్ చేయబోతారు. "రాంగ్ ఎఫ్‌ఎస్ టైప్, బ్యాడ్ ఆప్షన్, బ్యాడ్ సూపర్‌బ్లాక్" అంటూ భయపెట్టే మెసేజ్ వస్తుంది. సీడీ పోయిందనుకుంటారు.

ఏమీ పోలేదు. ఆడియో సీడీలో ఫైల్ సిస్టమే లేదు, లేనిదాన్ని మౌంట్ చేయడం కుదరదు. ఉన్నదల్లా సెకనుకు 75 ముక్కలు, ఒక్కో ముక్కలో 2352 బైట్ల శబ్దం. 1980లో ఫిలిప్స్, సోనీ కలిసి రాసుకున్న ఒప్పందమే ఇప్పటికీ నడుస్తోంది.

"మరి ఫైల్ మేనేజర్‌లో 'ట్రాక్ 1.వావ్' అని కనిపిస్తోంది కదా?" అంటారు. అవి నిజం ఫైళ్లు కావు. మీ సౌకర్యం కోసం ఫైల్ మేనేజర్ అలా చూపిస్తోంది. విండోస్‌లో కూడా ఇదే కథ. అక్కడ కనిపించే .సీడీఏ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, పాటలన్నీ వచ్చేశాయని సీడీని ఎవరికో ఇచ్చేసినవాళ్లు నాకు తెలుసు. ఒక్కో .సీడీఏ ఫైలు సైజు 44 బైట్లే. దానిలో పాట ఉండదు, పాట సీడీలో ఎక్కడుందో చెప్పే చిరునామా ఉంటుంది.

3. కంప్యూటర్‌కు డ్రైవ్ కనిపిస్తోందా?

టెర్మినల్లో "ఎల్ఎస్‌బీఎల్‌కే" అని కొట్టండి. వచ్చే పట్టికలో "ఎస్ఆర్0" అనే వరుస, దానికి రకం దగ్గర "రోమ్" అని ఉండాలి. ఉంటే నాలుగో మెట్టుకు వెళ్లిపోండి.

లేదూ, లోపలి డ్రైవ్ అయితే కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, డ్రైవ్ వెనక ఉన్న రెండు కేబుళ్లనూ నొక్కి చూడండి. ఒకటి కరెంటుది, ఇంకోటి డేటాది. ట్రే బయటికొచ్చి లోపలికి వెళ్తోందంటే కరెంటు అందుతున్నట్టే, డేటా కేబుల్‌నే అనుమానించాలి.

యూఎస్‌బీ డ్రైవ్ అయితే అసలు అనుమానం కరెంటు మీదే. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు. సీడీని తిప్పడం మొదలుపెట్టే క్షణంలో కొన్ని డ్రైవ్‌లకు అది చాలదు. లైట్ వెలుగుతుంది, టిక్కు టిక్కుమని శబ్దం వస్తుంది, ఆగిపోతుంది, మళ్లీ మొదలు. నేను కొన్న డ్రైవ్‌తో మూడు సాయంత్రాలు ఇలాగే కుస్తీ పట్టాను. షాపుకు తీసుకెళ్తే వాళ్ల దగ్గర చక్కగా పాడింది. తీరా చూస్తే నేను క్యాబినెట్ ముందున్న పోర్టుకు పెట్టాను. వెనక, మదర్‌బోర్డుకే ఉన్న పోర్టుకు మార్చగానే దారికొచ్చింది. కాబట్టి హబ్ వద్దు, పొడుగు ఎక్స్‌టెన్షన్ కేబుల్ వద్దు, ముందు పోర్టు వద్దు. నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టు ఉంటే ఇంకా మంచిది, అది 900 మిల్లీ ఆంపియర్ల వరకు ఇస్తుంది.

ఖాయం చేసుకోవాలంటే "సుడో డీమెసెగ్ -డబ్ల్యూ" కొట్టి, అది నడుస్తుండగా డ్రైవ్ తగిలించండి. స్పెల్లింగ్: డీ-ఎం-ఈ-ఎస్-జీ. డ్రైవ్ పేరు ఒకసారి వచ్చి ఆగితే బాగున్నట్టు. "డిస్‌కనెక్ట్" అనే మాట మళ్లీ మళ్లీ వస్తుంటే కేబులో కరెంటో. ఆపడానికి కంట్రోల్, సీ.

4. సీడీలో పాటల పట్టిక చదవగలుగుతోందా?

మొత్తంలో కీలకమైన పరీక్ష ఇదే. ఓపిక లేనివాళ్లు ఇదొక్కటైనా చేయండి.

సీడీ పెట్టి పదిహేను సెకన్లు ఆగండి. ప్లేయర్లు, ఫైల్ మేనేజర్ అన్నీ మూసేయండి. ఒకే డ్రైవ్‌ను ఇద్దరు లాగితే ఇద్దరికీ సరిగా అందదు. తర్వాత "సీడీపారనోయా -క్యూ" అని కొట్టండి. ఇక్కడ క్యూ పెద్ద అక్షరం.

అంతా బాగుంటే ఒక్కో పాటకు ఒక్కో వరుస వస్తుంది. ఒకటో పాట ఎదురుగా "20410 [04:32.10]" అని ఉందనుకోండి. 20410 అంటే ఇందాక చెప్పిన ముక్కల లెక్క. 75తో భాగిస్తే 272 సెకన్లు, అంటే 4 నిమిషాల 32 సెకన్లు, ఇంకో పది ముక్కలు. కవరు మీద రాసిన నిడివితో పోల్చి చూసుకోండి. పాటల సంఖ్య, నిడివి సరిపోతే మీ డ్రైవ్, కేబుల్, సీడీ పట్టిక మూడూ బాగున్నాయి. ఇక తప్పు ప్లేయర్‌లోనో స్పీకర్ దారిలోనో ఉంది. ఐదో మెట్టు వదిలేసి ఆరుకు వెళ్లండి.

పట్టిక రాకుండా, డ్రైవ్‌లో ఆడియో సీడీ ఉందా అని ఎదురు ప్రశ్న వేసిందంటే మీరు తెచ్చుకున్న రెండో సీడీ పెట్టి చూడండి. అది పాడితే మొదటి సీడీ మురికిదో, ఆడియోది కానిదో. అదీ రాకపోతే లెన్స్ మీద దుమ్ము. ల్యాప్‌టాప్ తరహా డ్రైవ్‌లో ట్రే లాగితే లెన్స్ పైకే కనిపిస్తుంది. కెమెరా లెన్స్‌కు వాడే రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టండి. నోటితో ఊదకండి, తుంపర పడుతుంది.

"పర్మిషన్ డినైడ్" అంటే తర్వాతి మెట్టు.

5. అనుమతి లేదంటే

కంప్యూటర్ ముందు కూర్చుని మామూలుగా లాగిన్ అయినవాళ్లకు సాధారణంగా ఈ బెడద ఉండదు. వేరే కంప్యూటర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో వచ్చేవాళ్లకు, విండో మేనేజర్ ఒక్కటే పెట్టుకుని సొంతంగా అన్నీ అమర్చుకునేవాళ్లకు వస్తుంది. మీ యూజర్‌ను "సీడీరోమ్" గ్రూపులో చేర్చాలి:

సుడో యూజర్‌మాడ్ -ఏజీ సీడీరోమ్ మీ-యూజర్-పేరు

ఇందులో ఏ చిన్న అక్షరం, జీ పెద్ద అక్షరం. ఆ ఏ మరిచిపోకండి. ఏ లేకుండా కొడితే సీడీరోమ్ గ్రూపులో చేరుస్తుంది కానీ, మీరున్న మిగతా గ్రూపుల్లోంచి తీసేస్తుంది. వాటిలో సుడో గ్రూపు కూడా ఉంటుంది. ఆ తర్వాత సుడో మిమ్మల్ని గుర్తుపట్టదు. నేను ఒకసారి రాత్రి పదకొండుకు ఈ పని చేసి, గ్రబ్ మెనూలో రికవరీ మోడ్‌లోకి వెళ్లి గ్రూపులన్నీ మళ్లీ చేర్చుకునేసరికి ఒంటిగంట అయింది.

చేర్చాక లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. టెర్మినల్ మూసి తెరిస్తే సరిపోదు. ఆర్చ్ లైనక్స్ వాడేవాళ్లకు గ్రూపు పేరు "ఆప్టికల్".

"అన్నిటికీ సుడో పెట్టి నడిపితే పోదా?" అని అడుగుతారు. వీఎల్‌సీ రూట్‌గా, అంటే అడ్మిన్ అధికారంతో, నడవనని మొండికేస్తుంది. మంచిదే.

6. వీఎల్‌సీలో పాడించడం

మీడియా మెనూలో "ఓపెన్ డిస్క్" నొక్కండి, లేదా కంట్రోల్, డీ. వచ్చే పెట్టెలో మొదట "డీవీడీ" ఎంచుకుని ఉంటుంది. అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే. అలాగే ప్లే నొక్కితే డీవీడీ దొరకలేదని ఎర్రర్ వస్తుంది. "ఆడియో సీడీ"కి మార్చండి. వీసీడీ అయితే "ఎస్‌వీసీడీ/వీసీడీ" అన్నది. డివైస్ దగ్గర "/డెవ్/ఎస్ఆర్0" ఉండాలి. ఖాళీగా ఉంటే మీరే టైప్ చేయండి. ప్లే నొక్కండి.

టెర్మినల్ అలవాటున్నవాళ్లకు: వీఎల్‌సీ సీడీడీఏ:///డెవ్/ఎస్ఆర్0. స్లాష్‌లు మూడు. రెండు "సీడీడీఏ:" తర్వాత రావాల్సినవి, మూడోది "/డెవ్"కు ముందుండేది. రెండే పెట్టి, పాడటం లేదనడం మామూలే.

ఉబుంటులో స్టోర్ నుంచి స్నాప్‌గా వేసుకున్న వీఎల్‌సీకి ఇంకో చిక్కు ఉండొచ్చు. స్నాప్ ప్రోగ్రామ్‌లు అనుమతి ఇచ్చిన వస్తువులనే చూడగలవు. "స్నాప్ కనెక్షన్స్ వీఎల్‌సీ" కొట్టి "ఆప్టికల్-డ్రైవ్" వరుస వెతకండి. దానికి ఎదురుగా అడ్డగీత ఒక్కటే ఉంటే అనుమతి లేనట్టు. "సుడో స్నాప్ కనెక్ట్ వీఎల్‌సీ:ఆప్టికల్-డ్రైవ్" అని ఇచ్చేయండి.

వీఎల్‌సీ నచ్చకపోతే రిథమ్‌బాక్స్ ఉంది, ఆడేషియస్ ఉంది. కేడీఈ వాడేవాళ్లు డాల్ఫిన్ అడ్రస్ పట్టీలో "ఆడియోసీడీ:/" అని కొట్టి చూడొచ్చు. పాటలు వినడానికి నాకు ఆడేషియసే ఇష్టం, తేలిగ్గా ఉంటుంది. కాకపోతే సీడీ పెట్టగానే బిగుసుకుపోయినట్టు అనిపిస్తే, దాని ఆడియో సీడీ ప్లగిన్ సెట్టింగుల్లో పాటల పేర్లు నెట్‌లో వెతికే సీడీడీబీ ఆప్షన్ తీసేయండి. ఎన్నో పాత ప్లేయర్లు నమ్ముకున్న ఫ్రీడీబీ సర్వీసు 2020లోనే మూతపడింది. పేర్లు రాకపోయినా పాట పాడటానికి ఏ ఇబ్బందీ లేదు. "ట్రాక్ 7" అనే పేరుతోనే పాడుతుంది.

7. టైమ్ కదులుతోంది, శబ్దం లేదు

0:01, 0:02 అని అంకెలు కదులుతున్నాయా? అయితే సీడీని వదిలేయండి, అది బాగానే ఉంది. ఇప్పుడు ఏదైనా వీడియో పెట్టి చూడండి. అదీ వినిపించకపోతే శబ్దం ఎక్కడికో పోతోంది. ఎక్కువసార్లు అది హెచ్‌డీఎంఐ కేబుల్ మీదుగా స్పీకర్లు లేని మానిటర్‌కు వెళ్తుంటుంది. సౌండ్ సెట్టింగుల్లో అవుట్‌పుట్ మార్చండి.

వీడియో వినిపించి సీడీ ఒక్కటే వినిపించకపోతే "పావూకంట్రోల్" అనే ప్రోగ్రామ్ వేసుకోండి. స్పెల్లింగ్: పీ-ఏ-వీ-యూ-సీ-ఓ-ఎన్-టీ-ఆర్-ఓ-ఎల్. సీడీ పాడుతుండగా దాని ప్లేబ్యాక్ పేజీ తెరిస్తే ఏ ప్రోగ్రామ్ శబ్దం ఎటు పోతోందో విడివిడిగా కనిపిస్తుంది. వీఎల్‌సీ వరుసలో మ్యూట్ తీసి, సరైన స్పీకర్ ఎంచుకోండి.

పాత సలహాల్లో "సీడీ డ్రైవ్ నుంచి సౌండ్ కార్డుకు నాలుగు పిన్నుల చిన్న తీగ వేయాలి" అని కనిపిస్తుంది. ఒకప్పుడు నిజమే. డ్రైవే శబ్దాన్ని తయారుచేసి ఆ తీగ ద్వారా పంపేది. ఇప్పటి ప్లేయర్లు డేటా కేబుల్ మీదుగానే అంకెలుగా తెచ్చుకుంటాయి. ఆ తీగ కోసం షాపులు తిరగకండి.

8. పాడుతోంది, కానీ తడబడుతోంది

ముందు వేగం తగ్గించండి: "ఎజెక్ట్ -ఎక్స్ 4". ఇది సీడీని బయటికి తోయదు, నాలుగు రెట్ల వేగానికి పరిమితం చేస్తుంది. డ్రైవ్ గోల కూడా తగ్గుతుంది. కొన్ని డ్రైవ్‌లు ఈ మాట వినవు.

తర్వాత తుడవడం. చొక్కా అంచుతో గుండ్రంగా రుద్దడం మనందరికీ అలవాటు. అదే వద్దు. మధ్య రంధ్రం దగ్గర మొదలుపెట్టి అంచు వైపు నిలువుగా తుడవండి. పాట దారి సీడీ మీద గుండ్రంగా తిరుగుతుంది. దానికి అడ్డంగా పడిన గీతను సీడీలో ఉన్న తప్పులు దిద్దే ఏర్పాటు సర్దుకోగలదు. రెండున్నర మిల్లీమీటర్ల మేర డేటా పోయినా పూర్తిగా దిద్దుకుంటుంది. దారి వెంబడే గుండ్రటి గీత పడితే దిద్దడం దాని వల్ల కాదు. జిడ్డు ఉంటే గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క లిక్విడ్ సోప్ వేసి కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టండి. టూత్‌పేస్ట్ చిట్కా జోలికి పోకండి, ఉన్న గీతలకు కొత్తవి తోడవుతాయి.

పై భాగాన్ని ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. పాట ఉండేది అడుగున కాదు, బొమ్మ అచ్చేసిన వైపు పలచటి పూత కిందే. సీడీని ట్యూబ్‌లైట్ ముందు పట్టి చూడండి. సూదిమొన బెజ్జాల్లా వెలుతురు కనిపిస్తే అక్కడ పూత ఊడిపోయింది. ఏం తుడిచినా అది తిరిగి రాదు.

ఎంత చెడిందో తేల్చుకోవాలంటే మొరాయిస్తున్న పాటను హార్డ్‌డిస్క్‌లోకి తీయండి. మూడో పాట అయితే "సీడీపారనోయా 3". మీరున్న ఫోల్డర్‌లో "సీడీడీఏ.వావ్" అనే ఫైలు తయారవుతుంది, నిమిషానికి దాదాపు 10 ఎంబీ పడుతుంది. నడుస్తున్నంతసేపూ వరుస చివర ఒక బొమ్మ ముఖం కనిపిస్తుంది. :-) ఉంటే సాఫీగా సాగుతోంది. :-( వస్తే గీత తగిలింది. ;-( అంటే దిద్దలేక చేతులెత్తేసింది. ముగిశాక :^D అని నవ్వుతుంది. ఆ నవ్వు చూసి మోసపోకండి, అది పని అయిందని మాత్రమే చెబుతుంది. మధ్యలో పట్టీలో ఇంగ్లీషు వీ అక్షరం కనిపించిందా చూడండి. వీ ఉన్నచోట పాట చెడినట్టే. వీ లేకుండా వచ్చి, ఆ ఫైలు వింటే సాఫీగా ఉంటే, సీడీని ఇక తిప్పే పని లేదు. మిగతా పాటల్ని కూడా "సీడీపారనోయా -బీ"తో ఒకేసారి తీసేసుకోండి. బీ పెద్ద అక్షరం.

సరిగ్గా కుదిరిందని ఎలా తెలుస్తుంది?

మొదటి పాట పది సెకన్లు విని "వచ్చేసింది" అనుకోవద్దు. సీడీ లోపలి నుంచి బయటికి చదువుతుంది. మొదటి పాట మధ్య రంధ్రం దగ్గర, చివరి పాట అంచు వైపు ఉంటాయి. మన వేళ్లు తగిలేదీ అంచుకే. కాబట్టి చివరి పాట పెట్టి, ఆఖరి నిమిషం వినండి. అది బాగుంటే మిగతావీ బాగుండే అవకాశం ఎక్కువ. అయిదో మెట్టు చేసినవాళ్లు కంప్యూటర్ ఒకసారి రీస్టార్ట్ చేసి, సుడో లేకుండా మళ్లీ పాడించి చూడండి.

ఇక సీడీ బయటికి రానంటే, ముందు ప్లేయర్ మూసి "ఎజెక్ట్" కొట్టండి. అప్పటికీ బటన్ పనిచేయకపోతే "ఎజెక్ట్ -ఐ ఆఫ్" కొట్టి మళ్లీ బటన్ నొక్కండి, ఏదో ప్రోగ్రామ్ వేసిన తాళం ఉంటే తీసేస్తుంది. దానికీ లొంగకపోతే కంప్యూటర్ పూర్తిగా ఆపి, సీడీ తిరగడం ఆగాక, ట్రే ముందున్న సన్న బెజ్జంలో సాపు చేసిన పేపర్ క్లిప్‌ను తిన్నగా దూర్చండి. చిన్న టక్కుమనే శబ్దం వచ్చి ట్రే అర అంగుళం బయటికొస్తుంది. మిగతాది చేత్తో మెల్లగా లాగండి.